చక్రం మీది అడ్డగీత

గవర్రాజు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు. "మీ ఇంట్లో సగంలో ఆగిన పని ఏముంది?" అని ఎదురడిగేవారు. ముప్ఫయ్యేళ్ళు ఐటీఐలో ఫిట్టరు పని నేర్పిన మనిషి. రిటైరయ్యాక పొద్దున్నే ఆయన వరండాలో పదిమంది చేరడం అలవాటైంది. మోక్షమంటే ఏమిటని అడిగిన పంతులుగారింట్లో ఆ వారమే కుళాయి కారడం మానేసింది. మోక్షం సంగతి ఈయన చెప్పనూ లేదు, ఆయన మళ్ళీ అడగనూ లేదు.

ఆ మార్గశిరంలో ఒక మంగళవారం సత్యవేణి అడిగింది. ఆషాఢంలో భర్త పోయిన దగ్గర్నించి వస్తోంది. వెనక గోడకి ఆనుకుని కూర్చుంటుంది. ఎన్నడూ నోరు విప్పింది లేదు.

"మచ్చ పోతే, మచ్చ పడ్డ సంగతి కూడా పోయినట్టేనా మాస్టారూ?"

పక్కనున్నావిడ కిసుక్కున నవ్వింది. "అడిగేశావా వదినా! ఇంక కాఫీ పెట్టుకో. మేం మొన్న పాపం గురించి అడిగితే మా బాత్రూం తలుపు బిగించి వెళ్ళారు."

మాస్టారు నవ్వలేదు. సత్యవేణి చేతులకేసి చూశారు. గోళ్ళ సందుల్లో నలుపు ఉంది.

"ఏ పని ఆగిందమ్మా?"

"కారు చక్రమండి. మా అబ్బాయి నిఖిల్ మొదలెట్టి వదిలేశాడు. పొద్దుట్నించీ నేను తోముతున్నాను. ఎంత తోమినా నలుపే వస్తోంది."

ఆయన లేచి సంచీ తీసుకున్నారు.

దారిలో ఆమె చెప్పింది కొంచెమే. నిన్న మధ్యాహ్నం పిల్లవాడు కారు తీసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి, ఫుట్‌పాత్ రాయి గీసుకుందన్నాడు. షెడ్డు దాకా ఎందుకు, ఇంట్లోనే బాగుచేస్తానన్నాడు. గరుకు కాగితాలు, పుట్టీ, పాలిష్ డబ్బా, అన్నీ దారిలోనే కొనుక్కొచ్చాడు. కారు కడగమంటే నెల వాయిదా వేసే పిల్లవాడు, అన్నం కూడా తినకుండా చక్రం ఊడదీసి కూర్చున్నాడు. చీకటి పడే వేళకి లేచి గదిలోకి పోయాడు. ఇంతవరకూ తలుపు తియ్యలేదు.

పోర్టికోలో కారు జాకీ మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. చక్రం గోనెపట్టా మీద వెల్లకిలా పడుంది. గరుకు కాగితం టైరుని గీయకుండా ఉండాలని అంచు చుట్టూ పాత శుభలేఖలు దోపాడు నిఖిల్. పోర్టికో వైపున్న గది కిటికీకి తెర వేసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. పట్టపగలు, పదిగంటల ఎండ. అయినా ఆ ఇంట్లో ఎవరో మాట మధ్యలో ఆపినట్టుంది.

మాస్టారు గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, చక్రం అంచు మీద బొటనవేలు నడిపారు.

"ఇది రాయే. మీవాడు అబద్ధమాడలేదు. ముందు గరుకు కాగితం, తర్వాత నున్నది, ఆ తర్వాత ఇంకా నున్నది. నీళ్ళు పోస్తూ రుద్దాడు. ఓపికున్న చెయ్యి." జానెడు మేర అంచు అద్దంలా ఉంది. వేలు దాని మీదుగా జారి, ఒకచోట ఆగింది. ఆయన కళ్ళు తెరిచారు. "ఇది రాయి కాదు."

సత్యవేణి గుడ్డ నలుపుతూ నిలబడింది.

"రాయి అంచు వెంటే గీస్తుందమ్మా, చక్రం తిరిగేవైపు. ఇది అడ్డంగా పడింది."

పిల్లవాడు పని ఆపింది సరిగ్గా అక్కడే. ఆమె పొద్దున్నించీ ఆ గీత చుట్టూ తోముతోంది గాని, గీత మీదికి పోలేదు. పోలేదని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"ఈ మురికి వదలడం లేదండి," అంది, గుడ్డ చూపించి.

"మురికి కాదు. అల్యూమినియమే అలా నల్లగా వస్తుంది. తోమినంతసేపూ వస్తుంది. ఊఁ, రుద్దు."

ఆమె కూర్చుంది. కాగితం తడిపి గీత మీద పెట్టింది. నాలుగుసార్లు రుద్దేసరికి నీళ్ళలోంచి ఎరుపు తేలింది. సన్నగా, గీత పొడుగునా.

ఇంకా కిందికి వంగింది. నిగనిగలాడే అంచులో తన ముఖం సాగిపోయి కనబడింది. అడ్డగీత నుదుటి మీదుగా పోయి పాపిట్లో కలిసింది. పాపిట్లో ఎరుపు. ఆర్నెల్లుగా అక్కడ ఏమీ లేదు. ఎవరో ముత్తైదువ చక్రంలోంచి తనకేసి చూస్తోంది. సత్యవేణి తల పక్కకి జరిపింది. ముఖం జరిగింది. ఎరుపు జరగలేదు.

ఆమె కాగితం పక్కన పెట్టింది.

"దసరా కుంకుమ అమ్మా అది. కడిగెయ్."

కిటికీ లోపలినుంచి వచ్చింది ఆ మాట. తెర కదల్లేదు. అదేమిటని ఎవరూ అడగలేదు.

"ఔను," అంది సత్యవేణి గబగబా. "కుంకుమే. కుంకుమే మాస్టారూ." ఆమెకి ఒక్కసారిగా ఊపిరాడింది. ఏటా దసరాకి నాలుగు చక్రాలకీ పసుపు రాసి, ఉంగరపు వేలితో బొట్లు పెట్టేది తనే. స్టీరింగుకి, కుట్టుమిషనుకి, వంటింట్లో గ్రైండరుకి కూడా పెట్టేది. "నాకూ ఒకటి పెట్టు, నేనూ పనిముట్టునే కదా," అనేవాడు భర్త. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కారు ముందుకి పోనిచ్చేవాడు. ఇప్పుడు గీత మీద చెంబుడు నీళ్ళు పోసింది. ఎరుపు పలచబడింది. ఇంకో చెంబు పోసింది. రుద్దింది.

చెయ్యి ఆగిపోయింది.

ఈ ఏడు దసరా చెయ్యలేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ లేదు. కారుకి పసుపు రాయలేదు. నిమ్మకాయ తొక్కించలేదు. కుంకుమ భరిణె ఆషాఢంలోనే ఆడపడుచు చేతికిచ్చి పంపేసింది. ఇంట్లో చిటికెడు కుంకుమ లేదు.

ఆ సంగతి కిటికీ లోపలున్నవాడికీ తెలుసు.

మాస్టారు ఈలోగా పుట్టీ తీశారు. రెండు ముద్దలు, ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. రెండూ కలిపి అరచేతిలో పిసుకుతున్నారు.

"కలిపాక అయిదు నిమిషాలే. ఆ తర్వాత మన మాట వినదు." అరచెయ్యి ఆమె ముందుకి చాపారు. "పెట్టమంటావా? నేనే పెడతాను. నేను పెడితే నాకు పని నేర్పినవాడు కూడా పట్టుకోలేడు."

పెడితే గీత పోతుంది. మధ్యాహ్నానికి పిల్లవాడు గదిలోంచి వస్తాడు. అన్నం తింటాడు. వాడికి ఇరవై మూడేళ్ళు. తండ్రి లేడు. వాడు తప్ప ఆమెకీ ఎవరూ లేరు. ఆమె ఆ ముద్దకేసి చూస్తూనే ఉంది. ఇవాళ పెట్టిస్తే, రేపు ఏ గిన్నె తోమినా అందులో ఎవరి ముఖం కనబడుతుందో.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తెర తియ్యలేదు. ఏమైందిరా అని అడగలేదు.

"ఎవర్రా?" అంది.

లోపల మంచం కిర్రుమంది.

"ఎర్ర సైకిలమ్మా. దాని రంగే అది. ఎవరో ఆవిడ. ఉప్పుటేరు వంతెన దిగగానే. పెడల్ తగిలింది. తప్పించబోయి రాయి ఎక్కించేశాను. ఆపుదామనే అనుకున్నానమ్మా, ఒట్టు. అద్దంలో చూశాను. లేచి కూర్చుంది."

"కూర్చుందా?"

"కూర్చుందనే అనుకున్నాను." "కళ్ళు మూస్తే అదే అద్దం కనిపిస్తోంది. ఒకసారి కూర్చుంటోంది. ఒకసారి కూర్చోవడం లేదు."

సత్యవేణి కిటికీ ఊచ పట్టుకుంది.

"చొక్కా వేసుకో," అంది. "ముందు వంతెన దగ్గరికి. అక్కణ్ణించి ఆసుపత్రికి. ఆ పైన స్టేషనుకి. నేనూ వస్తాను. నువ్వే నడపాలి."

ఆమె వెనక్కి తిరిగేసరికి మాస్టారి అరచేతిలో పుట్టీ రాయిలా బిగిసి ఉంది. ఆయన దాన్ని చాకు మొనతో పెకలించి పారేశారు. అరచేతిలో చర్మం కొంత లేచింది. చక్రాన్ని ఇంక తుడవలేదు. శుభలేఖలు ఒక్కొక్కటే పీకి, చక్రం ఎత్తి పెట్టి, నట్లు బిగించి, జాకీ దించారు. గీత అలాగే ఉంది. అందులో ఎరుపూ ఉంది.

నిఖిల్ బయటికి వచ్చాడు. చక్రం వైపు చూడకుండా చుట్టూ తిరిగొచ్చి కూర్చున్నాడు. తాళం పెట్టాడు. సత్యవేణి పక్క సీట్లో కూర్చుని, ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది. ఇంజను అందుకుంది.

"ఆవిడ బతికే ఉంటుందంటారా మాస్టారూ?" అంది సత్యవేణి.

మాస్టారు గేటు బార్లా తీశారు. కారు కదిలింది. ఎరుపు కిందికి పోయింది, పైకి వచ్చింది, మళ్ళీ కిందికి పోయింది. ఆయన చక్రం మీదే చూపు నిలిపి, వీధిదాకా కారు పక్కనే నడిచారు. అక్కడ వంగి, పిల్లవాడి వైపు కిటికీలోకి తలపెట్టారు.

"నెమ్మదిగా పోనీ బాబూ," అన్నారు. "చూస్తూ పోనీ."