కాముడి కుప్పలో తొట్టెల

నమ్మబుద్ధి కానివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. సగంలో ఎవరైనా నవ్వితే, కథ మళ్లీ మొదటినుంచి వినాల్సి వస్తుంది.

మానేరు ఒడ్డున శంభులింగస్వామి మఠం. అందులో చెన్నమల్లు అనే శిష్యుడు. ఆ ఏడు కాముని పున్నమికి కట్టెల కుప్ప పేర్చే పని అతనిది. పేర్చాడంటే మామూలుగా కాదు. మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. గూళ్లకు పోయే కొంగలు చుట్టు తిరిగి వెళ్లాయి. మొద్దుల్ని ఎడమచేత్తో విసురుతూ కుడిచేత్తో చెమట తుడుచుకున్నాడు.

చిక్కొచ్చింది ఒక్కచోటే. ఇంటింటికీ తిరిగి పాత కట్టె ఏరుతూ, కాశవ్వ వాకిట్లో దుమ్ము పట్టిన తొట్టెల కనబడితే అదీ ఎత్తుకొచ్చాడు. నలభై ఏళ్ల కిందట అందులో కాశవ్వ బిడ్డ ఊగింది. పదకొండు రోజులే ఊగింది. పొలం నుంచి వచ్చిన కాశవ్వ నేరుగా కుప్ప దగ్గరికి నడిచి, తొట్టెల ఇమ్మని మెల్లగా అడిగింది.

కుప్పకెక్కిన కర్ర తిరిగి ఇల్లు చేరకూడదని ఆ ఊరి కట్టు. చెన్నమల్లు అదే చెప్పాడు. చెప్పి ఊరుకోక, ఊరంతా వినేలా వివరించాడు కూడా. కాముడంటే కోరికట. శివుడు మూడో కన్ను తెరిచి కాల్చాడట. ఈ మోహం కూడా అందులోనే కాలిపోతే కాశవ్వకే మేలట.

"తర్వాత రతీదేవి వచ్చి ఏడ్చింది గదా," అన్నాడు పక్కనే చేతికర్ర మీద ఆనుకుని వింటున్న మఠం స్వామి. "అప్పుడు శివుడేం చేసిండు, బిడ్డా?"

చెన్నమల్లుకు ఆ కథా తెలుసు. ఆమె ఏడుపు చూసి శివుడు కాముణ్ణి మళ్లీ బతికించాడు.

తొంభై దాటిన స్వామి కుప్పలోంచి తొట్టెలను ఒక్క గుంజు గుంజాడు. అంత కుప్పలో పుల్ల కదిలితే ఒట్టు. ఆ ఖాళీలో తన చేతికర్ర పెట్టాడు. నాలుగు తరాల గురువులు పట్టి పట్టి నల్లబడ్డ కర్ర అది. అది ఎవరి చేతికొస్తే మఠం వాళ్లది.

"స్వామీ, అది నాకు రావాల్సింది."

ఆ మాట చెన్నమల్లు నోటినుంచే జారింది. జారాక తనే విన్నాడు. కాశవ్వ తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. తనలాంటి మనిషి ఇంకొకరు కనబడ్డట్టు చూసింది.

చెన్నమల్లు చేతిలోని కొరివిని పక్కవాళ్లకిచ్చి, తొట్టెలను తలకెత్తుకున్నాడు.

"నాకిగ ఊతం లేదు," అన్నాడు స్వామి. "నీ భుజం ఇయ్యి."

ముగ్గురూ కాశవ్వ ఇంటిదారి పట్టారు. వెనకాల మంట లేచి చందమామ కింది అంచుకు మసి పూసింది. చెన్నమల్లు తిరిగి చూడలేదు. భుజం మీద ముసలి చెయ్యి జారిపోకుండా, అడుగు చిన్నది చేసుకుని నడిచాడు.

అబద్ధమంటారా? మంట లేవగానే మోగాల్సిన డప్పును చేతిలో పట్టుకుని, కొట్టడం మరిచి, ఆ ముగ్గురినే చూస్తూ నిలబడ్డవాడు ఇంకా ఉన్నాడు. వెళ్లి అడగండి. పేరు డప్పు మొండయ్య.