మెత్తటి తిండి తిన్న ఎగిరే ఉడుత

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ధూమ్రజటుడనే మాంత్రికుణ్ణి చంపడానికి వెళ్ళిన పెద్దవాళ్ళిద్దరూ వాడి కోటవాకిట్లో రాళ్ళయిపోయారు. మూడోవాడు చిత్రకేతు, మాటలు వచ్చిన ఒక పందికొక్కును భుజానెక్కించుకుని, ఏడు సముద్రాలూ దాటి ఆ కోట చేరాడు.

మాంత్రికుడి ప్రాణం కోటబురుజు మీద, ఇనుప పంజరంలో ఉన్న ఎగిరే ఉడుతలో ఉంది. దానికి మేత పెట్టేది చెరలో ఉన్న రాకుమారి మందారిక. చిత్రకేతు వెళ్ళేసరికి ఆమె ఏడుస్తోంది.

"మూడు రోజులుగా ఇదేమీ తినడం లేదు. పాలు పెట్టాను, వెన్న పెట్టాను, పాయసం పెట్టాను."

"చావనీ. వాడూ చస్తాడు."

"వాడు చస్తే మంత్రం తిప్పేదెవరు? రాళ్ళయినవాళ్ళు ఎప్పటికీ రాళ్ళే!"

చిత్రకేతు గబగబా పంజరం దగ్గరికి వెళ్ళాడు. పందికొక్కు పంజరంలోకి తొంగిచూసింది.

"మా పందికొక్కులకైనా ఉడుతలకైనా ముందరిపళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. గట్టివి కొరికితేనే అరుగుతాయి. దీనికి గట్టివేవీ వేయలేదా, అమ్మాయ్?"

"నోటికి దెబ్బ తగులుతుందని వాడు ఒక్క గింజ కూడా వేయనివ్వడు."

"అదీ సంగతి. పళ్ళు వంకర తిరిగి అంగిట్లో దిగబోతున్నాయి."

అంతలో మాంత్రికుడే గోడ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. మూడు రోజుల్లో సగమైపోయాడు.

"ఎవడ్రా నువ్వు?"

"నీ ప్రాణానికి వైద్యుణ్ణి. ముందు మా అన్నల్ని లేపు."

"ముందు వైద్యం!"

"ముందు అన్నలు. తొందర నాకు కాదు, నీకు" అన్నాడు చిత్రకేతు.

ఉడుత డొక్క ఆగి ఆగి కదులుతోంది. మాంత్రికుడు మూడుసార్లు మంత్రం చదివాడు. వాకిట్లో రాళ్ళు రెండూ తుమ్మి లేచి నిలబడ్డాయి.

మందారిక ఉడుతను బయటికి తీసి పట్టుకుంది.

"కదలనీయకు. చివర కొరికితే నొప్పుండదు. ఎక్కువైతే పన్ను మొదలంటా చీలుతుంది" అంది పందికొక్కు.

పుటుక్. పందికొక్కు ఉడుత పన్ను చివర కొరికింది. పుటుక్. పుటుక్.

ఉడుత నోరు మూసి తెరిచింది. మందారిక ఇచ్చిన చింతగింజను కరకరా కొరికింది. మాంత్రికుడి ముఖంలోకి నెత్తురొచ్చింది, గొంతులోకి పొగరొచ్చింది.

"ఇక దాన్ని ఇటివ్వు. ఈ అన్నదమ్ములు ముగ్గుర్నీ రాళ్ళు చేస్తాను!"

మందారిక చేతులు విప్పేసింది. ఉడుత బురుజు అంచుకు పాకి దూకింది. మణికట్టు నుంచి చీలమండ దాకా ఉన్న చర్మం గొడుగులా విచ్చుకుంది. తోకతో దారి తిప్పుకుంటూ, కందకం మీదుగా జారుతూ వెళ్ళి అవతలి అడవిలో కలిసిపోయింది.

"గద్దలుంటాయి! పాములుంటాయి!" అని అరుస్తూ మాంత్రికుడు దాని వెనకే పరిగెత్తాడు. నోట ఒక్క మంత్రమూ రాలేదు.

చిత్రకేతు మందారికను పెళ్ళాడి అరవయ్యేళ్ళు రాజ్యమేలాడు. ఆ అరవయ్యేళ్ళూ మాంత్రికుడు మెడ పైకెత్తి చెట్టుచెట్టు కిందా తిరుగుతూనే ఉన్నాడు. ఆకు కదిలితే చాలు, గుండె పట్టుకునేవాడు.