ఒడెల్లమ్మ తీగ చెప్పిన పేరు

ఊ కొట్టేవాళ్లుంటేనే చెబుతాను, లేకపోతే నా దారిన నేను పడుకుంటాను. ఊ కొడతారా? సరే, వినండి.

ఏడు సముద్రాల అవతల, మన తాతలు కూడా పుట్టకముందు, ఒక పత్తి సీమ ఉండేది. ఎటు చూసినా పత్తే. చేల పక్కన పెద్ద నది. నది పొంగి చేలమీద పడకుండా ఒడ్డు పొడుగునా మట్టికట్ట. చేలు దొరవే, కట్టా దొరదే, కూలీలుండే చెక్క ఇళ్లూ దొరవే. కూలీలంతా నల్లవాళ్లు. వాళ్ల పెద్దల్ని ఎక్కడో ఇంకో ఖండం నుంచి ఓడల్లో కట్టిపడేసి తెచ్చారు. తర్వాత ఎప్పుడో కట్లు విప్పారు గానీ, విప్పి వదిలింది మళ్లీ ఆ పత్తిచేలోనే. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కూలీల్లో ఒక అక్కా తమ్ముడూ. అక్క పేరు ఒడెల్లా, మన నోటికి ఒడెల్లమ్మ. తమ్ముడు ఏమోస్. ఏమోస్ ఒక చుట్టల పెట్టెకి కర్ర బిగించి, తీగలు లాగి, గిటారు చేసుకున్నాడు. అక్కకీ నేర్పాడు. పొద్దుగూకాక గడపలో కూర్చుని ఒకరు పాడితే ఒకరు వాయించేవారు. చేలోంచి వచ్చినవాళ్లు అక్కడే చేరి నడుం వాల్చేవారు.

ఒక ఏడు వానలు విరుచుకుపడ్డాయి. నది ఉబ్బింది. కట్ట మీద మట్టి పోయడానికి ఏమోస్‌ని పంపారు, మట్టి మోసే కంచరగాడిదతో సహా. తడిసిన మట్టి ఒక్కసారిగా జారింది. ఏమోస్ దాని కిందికి పోయాడు. కంచరగాడిదా పోయింది. తోటివాళ్లు పారలు పట్టుకుని పరిగెత్తితే దొర అడ్డం నిలబడ్డాడు.

"తవ్వితే కట్ట తెగుద్ది. పైన ఇంకా పొయ్యండి" అన్నాడు.

పోశారు. వరద తీశాక కూడా తవ్వనివ్వలేదు. పైగా ఏం చాటించాడో తెలుసా? ఏమోస్ చావలేదట. దొరగారి కంచరగాడిదను దొంగిలించి పారిపోయాడట. ఆ దొంగ పేరు చేలో ఎవరి నోటా వినపడకూడదట. వినపడితే ఆ ఇల్లు ఖాళీ చేయాలట. మనిషిని పూడ్చింది చాలక పేరునీ పూడ్చాడు పెద్దమనిషి.

తమ్ముడు తిరిగి రాడని ఒడెల్లమ్మకి తెలుసు. ఆ ఏడుపు ఏడ్చి దిగమింగింది. దొంగ అన్న మాట మాత్రం ఆమెకి గొంతు దిగలేదు. కట్ట తవ్వాలి, తమ్ముణ్ణి బయటికి తీయాలి, పేరుపెట్టి పిలిచి మట్టి చేయాలి. ఆమెకి కావలసింది అంతే. అంతకు తక్కువకి ఆమె ఒప్పుకునే రకం కాదు.

పక్కింటి జెరూషా అవ్వ వచ్చి నెమ్మదిగా చెప్పింది. "పిల్లా, ఆ పేరెత్తకు. నిలువ నీడ లేకుండా పోతావ్."

"ఎత్తనవ్వా. నా నోటితో ఎత్తను" అంది ఒడెల్లమ్మ.

ఆ సాయంత్రం గిటారు తీసుకుని గడపలో కూర్చుంది. పాట ఎత్తుకుంది.

"కట్ట కింద ఉన్నది ఎవరు?"

అంతవరకు పాడి నోరు మూసుకుంది. మూసుకుని తీగ మీటింది. రెండే స్వరాలు. మొదటిది సాగింది, రెండోది కిందికి వాలింది. ఏ... మోస్. వాళ్లమ్మ బతికున్నప్పుడు ఆ పిల్లాణ్ణి చేలోంచి అన్నానికి పిలిచే పిలుపు అది. ఆ ఇళ్లల్లో పెరిగిన ప్రతి ఒక్కరికీ ఎరుకే. మాట లేకపోయినా అందరికీ పేరు వినపడింది.

దొర మేస్త్రీ క్లీటస్ ఉరుకుతూ వచ్చాడు. "పేరెందుకెత్తావే?"

"నేనెత్తలేదయ్యా. తీగ అంది."

క్లీటస్ గిటారు లాక్కుని గుమ్మానికేసి కొట్టాడు. అది ముక్కలైంది. ముక్కలు ఏరుకోబోయిన ఆమె ఎడమచేతిని బూటుకాలితో తొక్కాడు. ఒక వేలు విరిగింది. తర్వాత అతుక్కుంది గానీ మళ్లీ వంగలేదు. "ఇక తీగ నొక్కినట్టే" అని దొర నవ్వుకున్నాడు.

ఆ దేశంలో చీపుళ్లను ఇనపతీగతో కడతారు. ఒడెల్లమ్మ తన చీపురు తీగ విప్పింది. ఇంటి బయట చెక్కగోడకి రెండు మేకులు కొట్టి, తీగ బిగించింది. తీగకీ గోడకీ మధ్య ఒక సీసా దోపింది. ఇంకో సీసా మెడ విరగ్గొట్టి, అంచు రాతిమీద అరగదీసి, ఆ వంగని వేలికి తొడుక్కుంది. ఆ గాజుమెడని తీగ మీద జార్చింది.

వేళ్లతో నొక్కినప్పుడు తీగ మెట్లు దిగినట్టు పలికేది. ఇప్పుడు మెట్లు లేవు. మనిషి గొంతులాగే సాగింది, వణికింది, జీరపోయింది. తొక్కి విరగ్గొట్టిన వేలే దానికి గొంతు ఇచ్చింది. గోడ మోగింది, గోడతో పాటు ఇల్లంతా మోగింది.

"కట్ట కింద ఉన్నది ఎవరు?"

ఏ... మోస్.

క్లీటస్ మళ్లీ వచ్చాడు. "మళ్లీ పేరెందుకెత్తావే?"

"నేనెత్తలేదయ్యా. గోడ అంది."

గోడ అంటే గోడే కూల్చమన్నాడు దొర. ఇల్లంతా పడగొట్టించాడు. పడగొట్టించి, తానేదో ధర్మదాత అయినట్టు, "ఆ చెక్కలు పంచుకుని పొయ్యిలో పెట్టుకోండి" అన్నాడు. అక్కడే తన గోతిలో తనే పడ్డాడు. అందరూ తలో చెక్క పట్టుకెళ్లారు. ఒక్కరూ పొయ్యిలో పెట్టలేదు. చెక్కకో చీపురు తీగ, తీగకో సీసా. ఒడెల్లమ్మ జెరూషా అవ్వ ఇంట్లో తలదాచుకుంది. పగలు పత్తి ఏరుతూ, పక్క సాలులో వాళ్లకి ఆ పిలుపు ఎక్కడ సాగాలో ఎక్కడ వాలాలో నోటితో హమ్ చేసి నేర్పింది.

పత్తి విచ్చింది. చేలు తెల్లబడ్డాయి. పడమట మబ్బు కూడా పట్టింది. తడిస్తే పంట పోయినట్టే. సరిగ్గా ఆ సాయంత్రం ఒడెల్లమ్మ ఇళ్ల నడుమ వచ్చి నిలబడింది. చేతుల్లో ఏమీ లేదు.

"కట్ట కింద ఉన్నది ఎవరు?"

ఈ ఇంట్లోంచి, ఆ ఇంట్లోంచి, చివరింట్లోంచి. ఏ... మోస్. ఏ... మోస్. ఏ... మోస్.

క్లీటస్ ఏ ఇంటికి పరిగెత్తాలో తెలియక నడి దారిలో ఆగిపోయాడు. "ఎవరే ఎత్తింది?"

"నేనెత్తలేదయ్యా. ఊరంది."

ఊరంతా కూల్చేస్తే పత్తి ఎవరు ఏరతారు? దొర మబ్బు వంక చూశాడు, చేల వంక చూశాడు. ఎన్నడూ లేనిది తనే నడిచి వచ్చాడు.

"నీకేం కావాలే? కొత్త ఇల్లా? కొత్త గిటారా? ఇస్తాను."

"మా తమ్ముణ్ణి తవ్వుకుంటాం దొరా. అదయ్యేదాకా ఒక్క పింజ కూడా ఏరం."

"కట్ట పాడవుద్ది."

"మేం పోసిన కట్టే కదా. మళ్లీ పోస్తాం."

"నేను ఒప్పుకోను."

"మిమ్మల్ని అడగలేదు" అని ఒడెల్లమ్మ పార అందుకుంది.

ఆమె వెనక జెరూషా అవ్వ, అవ్వ వెనక అందరూ. ఆ రాత్రికి రాత్రే కట్ట దగ్గరికి చేరారు. తవ్వారు. ఏమోస్ దొరికాడు. కంచరగాడిద పక్కనే ఉంది. పగ్గం అతని చేతికి చుట్టుకునే ఉంది. అదీ దొర చెప్పిన దొంగతనం. క్లీటస్ అది చూసి తల దించుకుని పోయాడు.

మట్టి చేసేటప్పుడు ఒడెల్లమ్మ మొదటిసారి తన నోటితో ఆ పేరు ఎత్తింది. అమ్మ పిలిచినట్టే పిలిచింది. ఆ తర్వాత కట్ట మళ్లీ పోశారు, మబ్బు కురవకముందే పత్తి ఏరారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది వాళ్లే.

దొర ఊరుకుంటాడా? పత్తి ఇల్లు చేరగానే ఒడెల్లమ్మని వెళ్లగొట్టాడు. ఆమె గాజుమెడ వేలికి తొడుక్కుని నడిచింది. పోయిన చోటల్లా నేర్పింది. ఆమె దగ్గర నేర్చిన ఒకామె చర్చిలో వాయించింది, దేవుణ్ణి నిలదీసినట్టు. ఒకడు సంతల్లో వాయించాడు, కూలి చేసి అలిసిన కాళ్లు కూడా గెంతేట్టు. ఇంకొకడు పట్నం పోయి తీగకి కరెంటు పెట్టాడు, మేడలు అదిరేట్టు. ఆ ఓడలు బయల్దేరిన పాత ఖండం దాకా తిరిగి వెళ్లిందట ఆ వాయిద్యం. నాకు సంగీతం ఓనమాలు కూడా రావు. అయినా వాళ్లలో ఎవరు వాయించినా నా వెన్ను దానంతటదే నిటారు అవుతుంది.

ఒడెల్లమ్మ ఎక్కడో ముసలిదై పోయింది. ఆమెని మట్టి చేసిన చోట రాయి లేదు. ఆ దారిన పోయే వాయిద్యగాళ్లు మాత్రం తలో సీసామెడ పెట్టి పోతారు. ఎండ పడితే ఆ చోటంతా మెరుస్తుంది.

ఇవాళ్టికీ వాళ్ల పాటల్లో ఒక మర్యాద ఉంది. పాడేవాళ్లు చరణం సగంలో నోరు మూసుకుంటారు. అప్పుడు వినేవాళ్లలోంచి ఎవరో ఒకరు "దానిచేత చెప్పించు" అంటారు. మిగతా సగం తీగ చెబుతుంది.

నా కథకీ అదే మర్యాద. కట్ట కింద ఉన్నది ఎవరు? నేను నోరు మూసుకున్నాను. ఊ కొట్టినవాళ్లు చెప్పండి.