చలికి ఆగని ఖర్జూరం

కొండ మీద బుర్హాన్ బాబా ఆశ్రమంలో తోటపని ఇద్రీస్‌ది. మూడేళ్లుగా అతనికి ఒకటే దిగులు. ముంగిట్లో ఏటా నాటే ఖర్జూరం మొక్క మొదటి మంచుకే మాడిపోతోంది.

"నేలలో లోపం లేదు బాబా, మొక్కల్లోనే చేవ లేదు," అన్నాడు ఒకరోజు. "కింద సముద్రపొడ్డున పట్నంలో ఖర్జూరం లాంటివే, చలికి ఆగే తాడి రకాలు ఉన్నాయట. చూసొస్తాను."

"పద, నేనూ వస్తాను. మోకాళ్లు పట్టేశాయి, కాస్త వేడినీళ్లు పోసుకోవాలి," అన్నాడు బాబా.

ఆ పట్నానికి జనం ఎండాకాలం సముద్రం కోసం, చలికాలం వేడినీళ్ల స్నానాల కోసం వస్తారు. వాళ్లని మురిపించడానికి ప్రతి సత్రం ముందూ తాడి జాతి చెట్టు ఏదో ఒకటి పెంచుతారు. ఇద్రీస్ పొద్దున్నుంచీ మెడ పైకెత్తే నడిచాడు. ఆకు విసనకర్రలా ఉందా, ఈకలా చీలి ఉందా అని దూరం నుంచే చూసి రకం చెప్పేస్తున్నాడు. బాబా రెండుసార్లు అతని చెయ్యి పట్టుకుని మురుక్కాలవలో పడకుండా ఇవతలకి లాగాల్సి వచ్చింది.

"ఇది చూడండి బాబా. మానంతా పీచే. కంబళి కప్పుకునే పుట్టింది. దీనికి మంచొక లెక్కా?"

మధ్యాహ్నానికల్లా ఈ చెట్ల పండితుడి సంగతి వీధంతా పాకింది. సత్రాలవాళ్లు బయటికొచ్చి అడగడం మొదలుపెట్టారు. ఇద్రీస్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తీర్పులు చెప్పాడు. ఒక్కటీ తప్పు చెప్పలేదు కూడా. అదే వచ్చిన చిక్కు.

పొద్దు వాలే వేళకి దావూద్ స్నానశాలకి చేరారు. దావూద్ వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ మంచు పరుచుకుని ఉంది. మధ్యలో ఒక ఖర్జూరం చెట్టు.

"ఇక్కడ నీళ్లు కాచే పనివాడొకడు ఉండేవాడయ్యా," అన్నాడు దావూద్. "హజ్‌కి వెళ్లొచ్చినవాళ్లు పంచిన ఖర్జూరాలు తిని, ఆ గింజ పాతాడు. అతను పోయి చాలా ఏళ్లయింది. ఇదేమో చోటు తింటోంది. ఉంచమంటారా, కొట్టించమంటారా?"

ఇద్రీస్ పెరటి గుమ్మంలోంచే తల పైకెత్తి ఆకులు చూశాడు.

"ఎప్పుడైనా కాసిందా?"

"ఒక్క కాయ కూడా లేదు."

"కాయదు. ఇది వేడి దేశాల చెట్టు, చలికి ఆగదు. ఈసారి కాకపోతే వచ్చేసారైనా పోతుంది. కొట్టించేసి పీచుతాడి పెట్టుకోండి," అన్నాడు కుండ బద్దలు కొట్టినట్టు.

"సరే. రేపు పొద్దున్నే గొడ్డలివాణ్ణి పిలిపిస్తాను."

స్నానాల గదులు కడిగే మెహ్రీ అప్పుడే బిందె పట్టుకుని అటు వస్తోంది. ఆ నీళ్లు కాచేవాడి భార్య ఆమె. ఆ మాట విని ఆగిపోయింది. చదువుకున్నవాళ్ల మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆమెకి లేదు. బిందె కింద పెట్టి, తలగుడ్డ చెంగుతో మొహం తుడుచుకుంది.

బాబా ఆమె వైపు చూశాడు. తర్వాత వంగి జోళ్లు విప్పి, మంచులో వట్టి కాళ్లతో నడుచుకుంటూ వెళ్లి చెట్టు మొదట్లో నిలబడ్డాడు.

"బాబా, కాళ్లు కొంకర్లు పోతాయి," అన్నాడు ఇద్రీస్ కంగారుగా.

"నువ్వూ విప్పి రా."

ఇద్రీస్ జోళ్లు విప్పాడు. మంచు అరికాళ్లని కొరికేస్తుంటే పళ్లు బిగించి నడిచాడు. చెట్టు దగ్గర వేసిన ఆఖరి అడుగు మాత్రం వెచ్చగా తగిలింది. ఆ రోజు మొదటిసారి అతను కిందికి చూశాడు. చెట్టు చుట్టూ మంచు లేదు. తడిసిన నల్లటి మట్టిలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. మెహ్రీ దించిన బిందెలోంచి కూడా.

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావమ్మా?" అని అడిగాడు ఇద్రీస్.

"ఆయన పోయినప్పట్నుంచి. పదకొండు చలికాలాలయింది. అంతకుముందు ఆయనే పోసేవాడు. మరీ వేడివి కాదయ్యా, చెయ్యి ఓర్చుకునేంతే," అంది మెహ్రీ, తప్పు చేసి దొరికిపోయినట్టు. "ఎలాగూ కాలవలో పారబోసే నీళ్లేగా."

ఇద్రీస్‌కి సిగ్గేసింది. కొండ మీద మొక్కలకి తనూ నీళ్లు పోశాడు. చలి మొదలవగానే మాత్రం తలుపేసుకుని కంబళి కప్పుకుని పడుకున్నాడు. మూడేళ్లూ అంతే.

దావూద్‌కి ఇదేమీ అంతుపట్టలేదు. "అయితే అయ్యా, రేపు గొడ్డలివాణ్ణి రమ్మననా? చలికి ఆగదన్నారుగా."

"ఆగదు," అన్నాడు ఇద్రీస్. "అందుకే వద్దు."

దావూద్ చెట్టు వైపూ, చెప్పులు లేని ఆ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్లిపోయాడు. ఇద్రీస్ మంచులో వెనక్కి నడిచి, మెహ్రీ దగ్గర బిందె అందుకుని వచ్చాడు. చెట్టు మొదట్లో నీళ్లు పోయడానికి వంగాడు.

"ఇటు నా కాళ్ల మీద కూడా కాస్త పొయ్యి నాయనా," అన్నాడు బాబా, కళ్లు మూసుకుని.