మూత లోపలి నంబరు

డాక్టర్ వేదాచలంగారిని ప్రశ్న అడిగితే జవాబు సూటిగా రాదు. ముందు చేతిలో ఉన్న గడియారం వెనక మూత తెరుస్తారు, భూతద్దం కంటికి పెట్టుకుంటారు, లోపల ఏదో పోగొట్టుకున్నట్టు కాసేపు వెతుకుతారు. తరవాత ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, ఇక టీ తాగండి అంటారు. ముప్పై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. పాత వెండి జేబు గడియారాలు సేకరించే మా సికింద్రాబాద్ బృందానికి ఆయనే గురువు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన ముందుగదిలో చేరి, అసలైన వెండి మీద సింహం ముద్ర ఎలా ఉంటుందో, అరిగిపోయిన అంకెల్ని ఎలా చదవాలో నేర్చుకుంటాం. ఇంట్లో చెప్పుకోలేని పిచ్చి కాబట్టి ఒకరితో ఒకరం చెప్పుకుంటాం.

ఆ శనివారం అడిగింది వైదేహి. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, మాలో అందరికన్నా కొత్త. కిందటి వారం ఆన్‌లైన్ వేలంలో తన స్నేహితురాలితోనే పోటీపడి ఒక వెండి గడియారం గెలుచుకుంది. గెలిచిన పూట ఎగిరి గంతేసిందట. అది ఇంటికొచ్చి నాలుగు రోజులైంది, ఇంకా పొట్లం విప్పలేదు.

"సార్, ఒక వస్తువు నాకు నిజంగా కావాలా, పక్కవాళ్లకి దక్కకూడదని కావాలా? ఈ తేడా ఎలా తెలుస్తుంది?" అంది.

మాలో ఇద్దరం నేలచూపులు చూశాం. అందులో నేనొకణ్ణి. డాక్టరుగారు చేతిలోని గడియారం మూత తెరిచి, భూతద్దం పెట్టుకుని లోపల వెతికారు. తరవాత ఆయన చెప్పింది ఇది.

హైదరాబాదులో ఆదివారం పూట పాత సామాన్ల బజారు ఒకటి ఉంది. అక్కడ యాదమ్మ అనే ఆవిడ రోడ్డు పక్కన పట్టా పరుచుకుని వెండి, ఇత్తడి అమ్ముతుంది. ఆవిడ దగ్గర ఒకటే కట్టుబాటు. వస్తువు నీ చేతిలో ఉన్నంతసేపూ బేరం నీది, ఇంకొకడు ధర అడగకూడదు. కింద పెట్టావా, ఎవరైనా తీసుకోవచ్చు.

ఆ రోజు ఆవిడ దగ్గర ఉన్నది మామూలు సరుకు కాదు. రెండు మూతల వెండి జేబు గడియారం. నడిచే సింహం, పక్కన ఊరు తెలిపే లంగరు, ఆ పక్కన ఏడాది తెలిపే అక్షరం, ముద్రలన్నీ నిన్న కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి. అలాంటి దానికోసం డాక్టరుగారు మూడేళ్లుగా తిరుగుతున్నారు. కానీ అప్పటికే అది పురుషోత్తం చేతిలో ఉంది. పురుషోత్తం కాజీపేట రైల్వేలో గుమస్తా, ఆయనకు ముఖపరిచయం ఉన్న సేకర్త. డాక్టరుగారు నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, బజారంతా తనదే అన్నట్టు దిక్కులు చూస్తూ, అతనెప్పుడు కింద పెడతాడా అని నిలబడ్డారు. "అచ్చం దొంగకొంగలా ఉన్నానమ్మా" అని మాకు చెబుతూ నవ్వారు. పురుషోత్తం ఆ కొంగని చూశాడు. అలాంటివి అతని ఇంట్లో నాలుగున్నాయి. డాక్టరు అక్కడ లేకపోతే ఎప్పుడో పెట్టేసి పోయేవాణ్ణని తరవాత తనే ఒప్పుకున్నాడు.

"ఎంతసేపు వట్టుకుంటవ్ సారూ? కొంటవా, కింద వెడతవా?" అంది యాదమ్మ.

"చూడనియ్యి యాదమ్మా" అన్నాడు పురుషోత్తం, చూడకుండానే.

అంతలో వెండి కరిగించే చోటునుంచి మనిషి త్రాసు పట్టుకుని వచ్చాడు. యాదమ్మ మూట విప్పి విరిగిన వెండి కుమ్మరించింది. తెగిన పట్టీలు, వంగిన గంటె, వాటి మధ్య ఖాళీ గడియారం డబ్బా ఒకటి. లోపల యంత్రం లేదు, పైన అద్దం లేదు. గొలుసు తగిలించే రింగుకి ఇత్తడితో మాటు వేసి ఉంది. అది చూడగానే పురుషోత్తం ఖాళీ చేత్తో డబ్బాని లాక్కున్నాడు.

ఎందుకంటే, పదకొండేళ్ల కింద అతను చేసిన పని ఒకటుంది. కూతురి అన్నప్రాసనకి గిన్నె చేయించబోతే వెండి చాలలేదు. తండ్రి రైల్వే గార్డుగా బతుకంతా జేబులో పెట్టుకు తిరిగిన, రింగుకి ఇత్తడి మాటు వేసిన గడియారం బీరువాలో ఉంది. ఆయన్ని అడక్కుండా డబ్బా ఊడదీసి కంసాలికి ఇచ్చేశాడు. ముసలాయన చూసి, "గిన్నె మంచిగున్నది" అన్నాడు, అంతే. మర్నాటినుంచి ఆ బోసి యంత్రాన్ని వక్కపొడి డబ్బాలో పెట్టుకుని, రోజూ పొద్దున్నే తాళంచెవితో తిప్పుతున్నాడు. ఆ టిక్కుటిక్కు వింటూ అన్నం తినడం ఎంత కష్టమో పురుషోత్తానికే తెలుసు. కంసాలిని నిలదీస్తే, ముచ్చటగా ఉందని కరిగించకుండా, గిన్నెలో వేరే వెండి వేసి, దాన్ని ఎవరికో అమ్మానన్నాడు. ఆ డబ్బా కోసం మొదలైన వెతుకులాటలోనే ఇతను సేకర్త అయ్యాడు. యంత్రం మీదా, డబ్బా మూత లోపలా ఒకటే నంబరు. అది అతనికి నోటికి వచ్చు.

కానీ రింగుకి ఇత్తడి మాటు వేసిన డబ్బాలు అంతకుముందు పందొమ్మిది చూశాడు, పందొమ్మిదీ కావు. జేబులో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. మూత తెరిచి నంబరు చూడకుండా డబ్బా కొంటే, అది కాకపోతే రెండూ పోతాయి. మూతేమో సొట్టపడి, మురికి పట్టి బిగుసుకుపోయింది. ఒక చేత్తో డబ్బాని అదిమి పట్టి, రెండో చేతి గోటితో లేపాలి. అతనికున్నది ఒకటే ఖాళీ చెయ్యి.

గడియారాన్ని సంకలో ఇరికించుకున్నాడు, జారింది. చొక్కా జేబు దాకా తీసుకెళ్లాడు. "జేబుల వెట్టుడు లేదు! జేబుల వడ్డదంటే పైసలు గట్టాలె!" అని యాదమ్మ కేకేసింది. త్రాసు మనిషి పట్టీలు తూచేశాడు, గంటె తూచేశాడు. "గది గూడ ఇటియ్యి సారూ, నాకింకా మూడు దుకాణాలున్నయి" అని చెయ్యి చాపాడు.

పురుషోత్తం గిర్రున తిరిగి, నాలుగడుగులు వేసి, గడియారాన్ని డాక్టరుగారి చేతిలో పెట్టేశాడు. "ఇగ మీరే కొనుక్కోండి సార్" అని వెనక్కి పరిగెత్తి రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

మూడేళ్ల కోరిక డాక్టరుగారి అరచేతిలో పడింది. ఆ బరువు, ఆ చల్లదనం! ధర అడగడానికి నోరు తెరిచారు కూడా. అప్పుడు "అబ్బా" అని వినబడింది. పురుషోత్తం గోరు విరిగి నెత్తురు కారుతోంది. డబ్బాని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, "వస్తలేదు సార్. మా నాయనదేమో సార్ ఇది" అన్నాడు. డాక్టరుగారికి అప్పటికి కథేమీ తెలియదు. విన్నది ఆ ఒక్క ముక్కే.

ఆయన గడియారాన్ని పట్టా మీద పెట్టేసి అతని ఎదురుగా కూర్చున్నారు. దూడల్ని బయటికి లాగిన చేతులు అవి. రెండు అరచేతులతో డబ్బా అంచుని అదిమి పట్టి, "ఇప్పుడు లేపు" అన్నారు. పురుషోత్తం రెండో చేతి గోటితో లేపాడు. మూత టప్పున తెరుచుకుంది.

లోపలంతా నలుపు. డాక్టరుగారు దాని మీద నోటి ఆవిరి ఊదారు. మసక మధ్య అంకెలు లేచి, రెప్పపాటులో మాయమయ్యాయి.

"మూడు!" అని అరిచారు.

"మూడు, ఒకటి, ఎనిమిది..."

"నువ్వు చెప్పకయ్యా, నన్ను చదవనీ! ఒకటి. ఎనిమిది." మళ్లీ ఊదారు. నాలుగో అంకె అరిగిపోయింది. ఒకటో, నాలుగో తెలియడం లేదు. త్రాసు మనిషి త్రాసు కింద పెట్టి వాళ్ల మీదికి వంగాడు. యాదమ్మ కూడా వంగింది. డాక్టరుగారు గదిమారు, "వెలుగుకి అడ్డం లేవండి! నాలుగే! అడ్డగీత కనబడుతోంది, నాలుగే! ఏడు! రెండు!"

పురుషోత్తం నవ్వుతూ ఏడుస్తూ డాక్టరుగారి మెడ పట్టుకుని ఊపేశాడు. "ఏం నంబరయ్యా అది, లాటరీ దగిలిందా?" అంది యాదమ్మ, తనకీ తగిలినంత సంతోషంగా. తూకానికి ఎంతవుతుందో అంతా తీసుకునే ఇచ్చింది. కాజీపేట చేరేదాకా అతను రైల్లో కూర్చోలేదట. ఆ సాయంత్రం ముసలాయన యంత్రాన్ని డబ్బాలో బిగించుకుని, మూత నొక్కి, చొక్కా జేబులో వేసుకుని, వీధి చివరిదాకా నడిచివచ్చాడట.

డాక్టరుగారు భూతద్దం తీసి, ఇక టీ తాగండి అన్నారు. వైదేహికే ముందు గుర్తొచ్చింది.

"మరి ఆ రెండు మూతల గడియారం, సార్? మీరు పట్టా మీద పెట్టింది?"

"లేచి చూసేసరికి లేదమ్మా. ఎవరో కొనుక్కుపోయారు."

"అయ్యో! ఎవరు సార్?"

"చూళ్లేదమ్మా," అన్నారాయన. "మేం నంబరు చదువుతున్నాం."