చుక్కి కోసం ఆపిల్ చెట్లు

ఇలా జరుగు. ఇంకా జరగవే, మంచం పట్టెకర్ర మీద పడుకుంటావా ఏంటి. సరే, అటు తిరిగే పడుకో, నాకేం. చెవులు ఇటే ఉంటాయిగా. పొద్దున వీపు మీద ఒకటి వేశానని ఇప్పటిదాకా మూతి ముడుచుకునే ఉంది. అన్నం కూడా నాచేత తినిపించుకోలేదు. ధాన్యం కుతకుతా ఉడుకుతున్న గుండిగలో చెయ్యి పెట్టబోతే ముద్దులు పెట్టమంటావా నిన్ను? రేపు మీ నాన్నొచ్చి తీసుకెళ్ళిపోతాడు. మళ్ళీ దసరాకి గానీ రావు. ఈ మూతితోనే వెళ్ళిపోతావా మరి?

ఊఁ కొట్టకపోయినా ఫర్వాలేదు. నేను గోడకి చెప్పుకుంటాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మన ఊరంత కాదులే, మన్యంలో కొండ మీద పది పన్నెండు గడపలు, ఆ ఊళ్ళో చిలకమ్మ అని ఒకావిడ ఉండేది. వెదురు బుట్టలు అల్లేది. చలికాలం వచ్చిందంటే అక్కడ పొద్దున్నే గడ్డి మీద ఉప్పు జల్లినట్టు మంచు పేరుకునేది.

ఒకరోజు చిలకమ్మ వెదురు కొట్టుకొద్దామని అడవికి వెళ్ళింది. అక్కడ పొదలో ఒక దుప్పిపిల్ల పడుంది. తల్లిని పులి ఎత్తుకుపోయింది. దీనికేమో ఇంకా నిలబడ్డానికి కాళ్ళే రాలేదు. అప్పుడు చిలకమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఒంటి నిండా తెల్లచుక్కలు కదా, చుక్కి అని పేరు పెట్టింది.

పక్కింట్లో సన్యాసమ్మ అని ఒకావిడ, మేకలున్నాయి ఆవిడకి. ఆవిడ దగ్గర పాలు తెచ్చి, కొంగు కొస పాలల్లో ముంచి చుక్కి నోట్లో పెట్టేది చిలకమ్మ. అది చప్పరించేది. అలా చప్పరించీ చప్పరించీ బతికింది. ఆ తర్వాత గడ్డి తినడం నేర్చినా, ఆ అలవాటు మాత్రం పోలేదు. చిలకమ్మ బుట్ట అల్లుతుంటే వెనకాల చేరి కొంగు కొస నములుతూ నిలబడేది. ఎవరిలాగో నేను చెప్పను.

ఆ ఊరికి ఏడాదికోసారి, చలి మొదలవగానే, రగ్గులమ్ముకునే ముసలాయన ఒకడు వచ్చేవాడు. ఎక్కడో మంచుదేశం ఆయనది. ఆ ఏడు చిలకమ్మ చేతిలో ఒక ఆపిల్ పండు పెట్టాడు. ఆవిడ సగం కొరుక్కుని సగం చుక్కికి పెట్టింది. అంతే. ఆ రోజు నుంచి ఉసిరికాయ పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది, ఇప్పపువ్వు పెడితే మొహం తిప్పుకునేది. నువ్వు ఐస్‌క్రీం తిన్న మర్నాడు మజ్జిగన్నానికి తిప్పినట్టు.

ఆ ఎండాకాలం కొండ అంటుకుంది.

మంట పైనుంచి దిగుతోంది. ఊళ్ళోవాళ్ళంతా తడిగోనెలు పట్టుకుని మంటని కొడుతున్నారు. చిలకమ్మ కూడా కొడుతోంది. ఇళ్ళు కాలిపోతే ఎక్కడుంటారు మరి. అడవిలో ఉన్న దుప్పుల మందంతా దడదడా దిగొచ్చి, ఊరి పక్కన పారే గెడ్డ దాటి అవతలి కొండకి పోతోంది. చుక్కి మాత్రం కదల్లేదు. చిలకమ్మ కొంగు నోట కరుచుకుని అక్కడే నిలబడింది.

పొమ్మంది. పోలేదు. తోసింది. పోలేదు. అప్పుడేం చేసిందో తెలుసా? దాని నోట్లోంచి కొంగు లాగేసుకుంది. కింద మట్టిగడ్డ తీసుకుని, కళ్ళు మూసుకుని విసిరేసింది. వెళ్ళి దాని వీపు మీద తగిలింది. చుక్కి అదిరిపడింది. ఒక్కసారి తిరిగి చూసింది. ఆ తర్వాత మందలో కలిసి గెడ్డ దాటేసింది.

ఊరు మిగిలింది. కొండ మాత్రం బోడిగుండైపోయింది. దుప్పులకి అక్కడ తినడానికి ఆకు లేదు, పడుకోడానికి నీడ లేదు. ఇంకెందుకొస్తాయి? వానలొచ్చాయి, చలొచ్చింది, చుక్కి రాలేదు.

చిలకమ్మ రోజూ పొద్దున్నే గెడ్డ ఒడ్డుకి వెళ్ళి అవతలి కొండ వంక చూస్తూ కూర్చునేది. పాలు పట్టింది గుర్తుంటుందో, మట్టిగడ్డతో కొట్టింది గుర్తుంటుందో అని ఒకటే బెంగ. సన్యాసమ్మ నచ్చజెప్పేది, నువ్వు కొట్టకపోతే మాడిపోయుండేది కదే అని. అది మనకి తెలుసు వదినా, దానికెలా తెలుస్తుంది అనేది చిలకమ్మ. నిజమే కదా. దెబ్బ తిన్నవాళ్ళకి దెబ్బే తెలుస్తుంది. ఎందుకు కొట్టారో ఎవరు చెప్తారు?

ఊఁ అన్నావా? లేదా? సరేలే, గోడ అనుంటుంది.

రగ్గుల ముసలాయన మళ్ళీ వచ్చాడు. చిలకమ్మ ఈసారి రగ్గు వద్దంది. ఆపిల్ మొక్కలు కావాలంది. చుక్కికి ఇష్టమైన పండు ఇక్కడ కాస్తే అదే వెతుక్కుంటూ వస్తుందని ఆవిడ ఆశ. ఆయన ఆ మంచునీ, మట్టినీ చూసి, ఇక్కడ బతుకుతాయిలే అన్నాడు. మరుసటేడు మూడు మొక్కలు, వేళ్ళకి తడిగుడ్డ చుట్టి, భుజాన మోసుకుని తెచ్చాడు. తెచ్చి, వచ్చీరాని తెలుగులో ఒక మాట చెప్పాడు.

"నీ దుప్పి కోసమే పెంచు. కానీ ఐదేళ్ళు నీ దుప్పి నోటికే అందనివ్వకు. లేత చిగురు దానికి పండు కంటే తీపి."

చిలకమ్మ సగమే విన్నది. మనవాళ్ళు ఎవరు పూర్తిగా వింటారు కనక. ఇంటి వెనకాల మూడూ నాటి, నీళ్ళు పోసి, మురిసిపోయింది. నాలుగో రోజుకి సన్యాసమ్మ మేకలొచ్చి మూడింటినీ మొదలంటా నమిలేశాయి. సన్యాసమ్మ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ఆ రోజు నుంచి మేకల్ని కట్టేసింది.

రెండోసారి ముసలాయన మళ్ళీ మూడు మొక్కలు తెచ్చాడు. అప్పుడు సన్యాసమ్మ ఒక ఉపాయం చెప్పింది. కొండమీద చేలు చూశావుగా, చుట్టూ పాత చీరలు కట్టేస్తారు. మనిషి వాసనకి పందీ రాదు, దుప్పీ రాదు. అలా కట్టమంది. చిలకమ్మ తన పాత చీరలు మూడు తీసి, కర్రలు పాతి, మొక్కకొకటి చుట్టూ కట్టింది. ఇంక నిశ్చింత అనుకుంది.

మొక్కలు చిగురేశాయి. మోకాలెత్తు పెరిగాయి. ఒకరోజు తెల్లారి వెళ్ళి చూస్తే ఏముంది, మూడూ పుల్లలై నిలబడున్నాయి. ఆకన్నది లేదు. మట్టిలో గిట్టల గుర్తులున్నాయి. చీరలు మాత్రం ఎక్కడా చిరగలేదు. ఒక్క ఎర్రచీర కొంగు కొస మాత్రం నమిలేసి ఉంది. ముట్టుకుంటే ఇంకా తడిగా ఉంది.

అర్థమైందా నీకు? లోకంలో ఉన్న దుప్పులన్నీ మనిషి చీర వాసనకి పారిపోతే, చుక్కి ఆ వాసన పట్టుకునే గెడ్డ దాటి వచ్చింది. కాపలాకని కట్టిన చీరే దాన్ని పిలిచింది. కట్టేటప్పుడు ఆ సంగతి చిలకమ్మకీ తట్టలేదు, సన్యాసమ్మకీ తట్టలేదు.

చిలకమ్మ ఆ తడికొంగు మొహానికి అద్దుకుని అక్కడే చతికిలబడిపోయింది. సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చి, మొక్కలు పోతే పోయాయి ఏడవకే అంది.

"మొక్కలకి కాదు వదినా. కొట్టినా మర్చిపోలేదు అది."

ఏంటీ? ఆ చీరే రోజూ వేలాడదీస్తే సరిపోయేదా? అబ్బో, గోడకి నోరొచ్చింది. చిలకమ్మకీ అదే ఆశ పుట్టిందే అమ్మలూ. చీర ఆరేస్తే వస్తుంది, చూసుకోవచ్చు. కానీ వచ్చిన దానికి ఏం పెడుతుంది? బోడికొండ మీద ఏం తిని ఉంటుంది? ఒక్క పూట వచ్చి చిగురు తినేసి వెళ్ళిపోతుంది, మళ్ళీ మొక్కలూ ఉండవు, చుక్కీ ఉండదు. పిలిస్తే, ఉండేలా పిలవాలి. అందుకని ఎర్రచీర మడతపెట్టి, వేపాకు వేసి, పెట్టె అడుగున పెట్టేసింది. పెట్టేటప్పుడు ఏడ్చింది. ఏడవదూ మరి.

మూడోసారి ముసలాయన మళ్ళీ మూడు మొక్కలు తెచ్చి చెప్పిన మాట చెవులు రిక్కించి విన్నది. ఆ తర్వాత వెదురు చీల్చి మూడు పెద్దబుట్టలు అల్లింది. మామూలు బుట్టలు కావు, అడుగు లేని బుట్టలు. చుక్కి మెడ చాపితే ఎంత ఎత్తు అందుతుందో ఆవిడకి తెలుసు. చూరుకి వేలాడదీసిన జొన్నపొత్తులు లాగేసేది కదా. చూరెత్తు కొలిచి, ఇంకో మూరెడు కలిపి అల్లింది. ఊళ్ళోవాళ్ళు అడుగు లేని బుట్టలో ఏం పోస్తావే అని పడీపడీ నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. మొక్కకొక బుట్ట తొడిగి, చుట్టూ చీరలు కట్టింది. ఈసారి తనవి కావు, సన్యాసమ్మవి. సన్యాసమ్మ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాలుస్తుంది, పైగా మేకల్లో తిరిగే మనిషి. ఆ చీరల వాసనకి దుప్పేం ఖర్మ, మొగుడే ఆమడ దూరంలో కూర్చునేవాడు.

ఒక ఏడు గడిచింది. ఎండాకాలం గెడ్డలోంచి కడవలతో నీళ్ళు మోసింది. రెండో ఏడు గడిచింది. ఎలుకలు బెరడు కొరక్కుండా మొదళ్ళ చుట్టూ గులకరాళ్ళు పేర్చింది. మూడో ఏడు, చలికాలం, పొద్దున్నే తడికె తీసి చూస్తే మంచులో ఎవరో నిలబడున్నారు.

చుక్కి.

ఎంత ఎదిగిపోయిందో. బుట్ట పక్కన నిలబడి మెడ చాపుతోంది. అందట్లేదు. ముందుకాళ్ళు బుట్టకి ఆనించి లేవబోతోంది. లేచిందా, బుట్ట ఒరిగిపోతుంది, కొమ్మలు విరిగిపోతాయి, మూడేళ్ళ కష్టం బూడిదైపోతుంది.

చిలకమ్మ నోటిదాకా వచ్చింది పిలుపు. మింగేసింది. తరమాలి. మళ్ళీ తనే తరమాలి. అప్పుడు గబగబా సన్యాసమ్మ ఇంటికి పోయి, దండెం మీదున్న ఆవిడ చీర లాక్కొచ్చి, తలమీంచి కాళ్ళదాకా కప్పేసుకుంది. ఎందుకంటే, తరిమింది ఎవరో పరాయి మనిషి అనుకోవాలి చుక్కి. చిలకమ్మ రెండోసారి కొట్టింది అనుకోకూడదు. గొంతు గుర్తుపడుతుందని నోరు కూడా విప్పలేదు. వెదురుకర్ర నేలకేసి టపటపా కొడుతూ ఎదురెళ్ళింది.

చుక్కి పరిగెత్తింది. గెడ్డ ఒడ్డుదాకా వెళ్ళి ఆగింది. తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. చిలకమ్మ ఆ కంపు చీరలో మొహం దాచుకుని అలాగే నిలబడింది. ఆ తర్వాత చుక్కి గెడ్డ దాటి వెళ్ళిపోయింది. చిలకమ్మ ఆ రోజు బుట్ట అల్లలేదు, పొయ్యి వెలిగించలేదు.

నాలుగో ఏడు కూడా గడిచింది. ఐదో ఏడు చెట్లు పూశాయి. తెల్లపూలు, అంచుకి కొంచెం గులాబీరంగు. ఆ తర్వాత కాశాయి. పెద్దవేం కావు, నీ పిడికిలంత. మానులు చూస్తే ఆవిడ మణికట్టు కంటే లావయ్యాయి, కొమ్మలు తల దాటాయి. చిలకమ్మ మూడు బుట్టలూ కోసి తీసేసింది. సన్యాసమ్మ చీరలు ఉతికి సన్యాసమ్మకి ఇచ్చేసింది. పెట్టె అడుగునుంచి ఎర్రచీర తీసింది.

తీసి వాసన చూస్తే, వేపాకు వాసన తప్ప ఏమీ లేదు. తన వాసనే పోయింది. అప్పుడేం చేసిందంటే, ఆ చీర కట్టుకుని మూడు రోజులు విప్పలేదు. అందులోనే వంట చేసింది, అందులోనే వెదురు చీల్చింది, అందులోనే చెమటోడ్చింది. మూడు రోజులూ నీళ్ళు పోసుకోలేదు. నువ్వు అది నేర్చుకోకు.

ఆ తర్వాత వెళ్ళి చెట్టు కింద కూర్చుంది. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు పొద్దున్నే ఆవిడకి కొంచెం కునుకు పట్టింది. కొంగు ఎవరో లాగినట్టయింది.

కళ్ళు తెరిచింది గానీ వెనక్కి తిరగలేదు. తిరిగితే బెదురుతుందేమో అని ఊపిరి కూడా బిగబట్టింది. చెట్ల నిండా పళ్ళున్నాయి, చేతికందేంత కిందకే ఉన్నాయి. వాటి వంకే చూడలేదు చుక్కి. ముందు కొంగు దగ్గరికొచ్చింది. ఐదేళ్ళ కింద నమిలిన ఆ కొసే వెతికి, నోట్లో పెట్టుకుని నములుతోంది. దాని పక్కన ఇంత పిల్ల, తెల్లచుక్కల పిల్ల, రాలిన పండుని మూతితో దొర్లిస్తోంది.

చిలకమ్మకి కన్నీళ్ళు ఆగలేదు. మెల్లిగా, వినపడీ వినపడనట్టు అంది.

"నిప్పొస్తోందని కొట్టాను తల్లీ. ఇంకెందుకూ కాదు."

దుప్పికి మాటలేం అర్థమవుతాయిలే. అది నములుతూనే ఉంది. కానీ చిలకమ్మకి ఆ మాట చెప్పుకోవాలి కదా. ఎనిమిదేళ్ళ నుంచి గొంతులో పెట్టుకుని తిరుగుతోంది.

ఆ తర్వాత చుక్కి పళ్ళు తింది, పిల్లకి పెట్టింది. వెళ్ళేటప్పుడు ఈసారి ఎవరూ తరమలేదు. మర్నాడు ఇంకో నాలుగు దుప్పులు వచ్చాయి. ఆ తర్వాత, కొండ మీద చెట్లు మళ్ళీ లేచాక, మందంతా గెడ్డ ఇవతలకి వచ్చేసింది. ఎర్రచీరకి ఆ కొస దగ్గర పెద్ద చిల్లు పడిపోయింది. చిలకమ్మ కుట్టుకోలేదు.

ఇదేంటే, ఇటు తిరిగావు? నా కొంగుకా? ఉందిలే చిల్లు. చుక్కి కొరికింది కాదు. నీకు పళ్ళొచ్చేటప్పుడు నువ్వు నమిలిందే అది. కుట్టించమని మీ అమ్మ అంటూనే ఉంది. ఏదీ, వీపు ఇలా పెట్టు. ఇక్కడేనా తగిలింది? ఇంకా నొప్పెడుతోందా? అన్నం కుండలో ఉంది, నాలుగు ముద్దలు కలిపి తెచ్చేదా?

వద్దా. సరే. అయితే కొంగు వదులు, తలుపు గడియ పెట్టొస్తాను. వదలవా? పోనీలే, ఉండనీ. ఒక్క రోజు గడియ పెట్టకపోతే ఏమైపోతుంది.

పండేమో చుక్కికి,
ఆకేమో మేకకి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.