ఊకదిబ్బలో చిలగడదుంప

నమ్మరు. నేను తినే కంచం మీద ఒట్టేసి చెప్తున్నా, ఇది మీరు చచ్చినా నమ్మరు. అయినా కూచోండి.

గోదారి గట్టున ఓ మిషను ఆసుపత్రి ఉండేది. అందులో లివరు డాట్రు దేవసహాయంగారు. ఆయన పొట్ట మీద చెయ్యేస్తే లోపల కాలేయం లేచి నిలబడి దణ్ణం పెట్టేది. నవ్వకండి, పెట్టేది.

ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్ర డాట్రు జ్ఞానప్రకాశం. చదువులో పులి. ఆ పులి ఆ రోజు ఆడవాళ్ళ వార్డు బయట గోడకి ఆనుకుని నిలబడిపోయింది, లోపలికెళ్ళే మొహం లేక.

లోపల మంచం మీద అతని చెల్లెలు ఎస్తేరు. బట్టలు కుట్టుకునే పిల్ల. బీ రకం కామెర్లు, హెపటైటిస్ అంటారే, అది తల్లి నుంచి కాన్పులోనే అంటుకుంది. ఆ తల్లి దాంతోనే పొట్ట ఉబ్బి చనిపోయింది. ఎస్తేరు ఏళ్ళ తరబడి రోజూ ఓ బిళ్ళ మింగేది. కిందటేడు రిపోర్టులో వైరస్సు కనపళ్ళేదు.

"చచ్చిందే అది. బిళ్ళ మానెయ్" అన్నాడు ప్రకాశం. పెద్దాయన దేవసహాయంగారు వద్దన్నా విన్లేదు. వార్డంతా పూతరేకులు పంచిపెట్టాడు.

ఇప్పుడు ఎస్తేరు కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పొట్ట అచ్చం తల్లి పొట్టలాగే ఉబ్బుతోంది.

పెద్దాయన వార్డులోంచి బయటికొచ్చారు.

"ఏరా, లోపలికి రావా?"

"రిపోర్టులో సున్నా అండి. సున్నాలోంచి ఎలా వచ్చిందండి?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ బిళ్ళ మోసం చేసిందండి. అదింక వద్దు. ఒంట్లో రోగంతో పోట్లాడే కాపలా వాళ్ళని లేపే ఇంజక్షనుంది కదండీ. పుట్టినప్పట్నుంచీ ఈ పురుగుని చూసి చూసి, ఇంట్లో మనిషే అనుకుని పడుకున్నారు వాళ్ళు. ఇవాళే పొడిచి లేపేద్దాం. వాళ్ళే పీకి పారేస్తారు."

"అన్నం తిన్నావా?"

"లేదండి."

"అయితే రా."

ఆసుపత్రి వెనక రైసుమిల్లు వాళ్ళ ఊకదిబ్బ. తాడిచెట్టంత. మూడు వానాకాలాలు నానినా లోపల నిప్పు చావలేదు. ఓసారి ఓ దున్నపోతు అందులో దిగబడితే కొమ్ములూ, మెడలో గంటా మాత్రం దొరికాయి. గంట వారం దాకా చల్లారలేదు.

దిబ్బ అంచున ఓ చోట పొగ లేస్తోంది. పెద్దాయన బొరింగు దగ్గరున్న బకెట్టు చూపించారు.

"అది ఆర్పు."

ప్రకాశం పోశాడు. బకెట్టు మీద బకెట్టు, చొక్కా ఒంటికి అతుక్కుపోయేదాకా పోశాడు. పొగ ఆగింది.

"ఆరిపోయిందండి."

పెద్దాయన కోటు జేబులోంచి ఓ చిలగడదుంప తీసిచ్చారు.

"ఇది అందులో పాతిపెట్టు."

పాతాడు. ఇద్దరూ ప్రహరీ గోడ మీద కూచున్నారు. అవతల మిల్లు ఒకటే మోత. వార్డు కిటికీలోంచి ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు. ఎవరో ప్రకాశానికి తెలుసు.

కాసేపయ్యాక, "తియ్యి" అన్నారు.

తీశాడు. అరచెయ్యి చుర్రుమంది. దుంప తొక్క మాడిపోయింది, లోపల మెత్తగా వెన్నలా ఉడికింది. ప్రకాశం దాన్నలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని విసిరికొట్టి, పక్కన పడున్న వెదురు కర్ర తీసుకుని కసిదీరా ఆ చోటు కెలికాడు.

గాలి తగిలింది. మంట భగ్గున లేచింది. మిల్లు కప్పు మీద పావురం మాడిపోయి కింద పడింది. ప్రకాశం కనుబొమ్మలు రెండూ పోయాయి. అవి ఈ రోజుకీ మొలవలేదు.

వెనక్కి దూకి కర్ర పారెయ్యబోయాడు.

"పారెయ్యకు" అన్నారు పెద్దాయన. బకెట్టు ఈసారి ఆయన ఎత్తారు. "నేను పోస్తాను. నువ్వు కెలుకు."

అతను కెలికాడు. ఎర్రగా బయటపడ్డ ప్రతిచోటా ఆయన పోశారు. కెలకడం, పొయ్యడం. పొద్దు వాలేసరికి ఆ మూలంతా నల్లటి బురదైంది.

ప్రకాశం ఎగశ్వాసతో అన్నాడు. "అర్థమైందండి. బిళ్ళా, ఇంజక్షనూ రెండూ కలిపివ్వాలి. ఇవాళే మొదలెడదామండి."

"ఎస్తేరు మండుతోందిరా ఇప్పుడు. మండేదాన్ని కెలుకుతావా?"

అతను చేతిలో కర్ర కింద పెట్టేశాడు.

"ముందు నీళ్ళే, అంటే బిళ్ళే. చల్లబడి, అప్పటికి పిల్ల బతికుంటే, అప్పుడు నీళ్ళు పోస్తూ కెలుకుదాం."

"అప్పుడైనా ఆరుతుందాండి?"

పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ బురదలోకి మోచేతి దాకా దించారు. చాలాసేపు అలాగే ఉంచారు.

"కొందరికి ఆరుతుంది" అన్నారు. "పొగ చూసి చెప్పకురా. చెయ్యి పెట్టి చెప్పు."

ప్రకాశం మసి చేతుల్తోనే వార్డులోకెళ్ళాడు. చేతులు కడుక్కుని, బిళ్ళ తీసి చెల్లెలి అరచేతిలో పెట్టాడు.

"కనుబొమ్మలేవి అన్నయ్యా?" అంది ఎస్తేరు.

"పోయాయి."

బిళ్ళ వంక చూసింది. "ఇది మానెయ్యమన్నావు కదా."

ఆమె తల ఎత్తి పట్టుకుని గ్లాసు పెదాలకి ఆనించాడు. సగం నీళ్ళు గడ్డం మీంచి కారిపోయాయి. తుడిచి, మళ్ళీ పోశాడు.

ఆ దిబ్బ ఇప్పటికీ అక్కడే ఉంది. పొగ కూడా లేదు. నేను చెప్పింది అబద్ధమనే మొనగాడెవడైనా ఉంటే వెళ్ళండి. మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఆరిపోయిందని నాకొచ్చి చెప్పండి.